ఎవరూ?... నేనే!

తలుపు చప్పుడవుతుంది. 'ఎవరూ?' అంటారు లోపల్నుంచి. 'నేనే!' అంటారు బయటివాళ్లు. పేరు చెప్పరు. అయినా తలుపు తెరుచుకుంటుంది. తెలుగిళ్లలో రోజూ ఉండేదే. హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఓ రెండు గదుల ఫ్లాట్లో మాత్రం ఈ రెండు మాటలే ఓ ఇల్లాలి పీకల మీదికొచ్చిన చిక్కుముడిని విప్పాయి.

ఆమెకు ముప్ఫై అయిదేళ్లు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసింది. పాప పుట్టాక మానేసింది. ఏడాదిలో మళ్లీ చేరదామనుకుంది. ఆ ఏడాది కాస్తా ఏడేళ్లయింది. ఇంటి లోను వాయిదాలు, స్కూలు ఫీజు... అన్నీ భర్త ఒక్కడి జీతం మీదే. ఇక లాభం లేదని అమీర్‌పేటలో పైథాన్ కోచింగ్‌లో చేరింది. పొద్దున ఏడింటికి బ్యాచ్. పాపను స్కూలుకు తయారుచేయడానికి తెనాలి నుంచి తండ్రి వచ్చారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు.

మొదటి ఇంటర్వ్యూలోనే దెబ్బ తగిలింది. 'ఓ ఫంక్షన్ నడుస్తోంది. తనను పిలిచిన ఆబ్జెక్టు ఏదో దానికెలా తెలుస్తుంది?' అని అడిగారు. 'సెల్ఫ్ చెబుతుంది కదండీ' అంది ఠక్కున. 'అది ఎవరి ఫంక్షనో చెబుతుంది. పిలిచిందెవరో చెప్పదు' అన్నాడు ఎదుటి కుర్రాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. ఆ తర్వాత, ఈ ఏడేళ్లూ ఏం చేశారని అడిగాడు. మళ్లీ కబురు చేస్తామన్నారు. చేయలేదు.

ఇంటికొచ్చి పట్టుదలగా కూర్చుంది. సినిమాహాలు టికెట్ల ప్రోగ్రాం ఒకటి రాసింది. వరసకు ఎనిమిది చొప్పున అయిదు వరసలు, మొత్తం 40 సీట్లు. ఒక్కో సీటుకు ఒక్కో బటన్. ఏది నొక్కితే అది ఎర్రగా మారాలి. తీరా చూస్తే ఎక్కడ నొక్కినా ఎర్రబడేది చిట్టచివరి సీటే! పాపకు అదో ఆట అయిపోయింది. 'తాతయ్యా, ఏది నొక్కినా మూలదే వెలుగుతోంది' అని ఒకటే నవ్వు. అమ్మకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

రాత్రి పదకొండింటికి కూడా దీపం వెలుగుతుంటే మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. 'సంగతేంటో నాకు చెప్పమ్మా. అర్థం కాకపోతే కాకపోయింది' అన్నారు. చెప్పింది. క్లాసు అంటే కజ్జికాయల అచ్చులాంటిది. దాన్నుంచి తీసిన ఒక్కో కాయా ఒక్కో ఆబ్జెక్టు. కానీ ఫంక్షన్‌ను 40 సీట్లకూ 40 సార్లు రాయరు. అది ఒక్కటే. వడ్డించేవాడు ఒక్కడు, విస్తళ్లు నలభై అన్నమాట. తాను ఏ విస్తరి ముందు నిలబడ్డాడో వాడికి తెలియాలి. దానికోసమే సెల్ఫ్. పిలిచేటప్పుడు ఆ ఆబ్జెక్టు కూడా ఫంక్షన్‌లోకి వెళుతుంది. పైథాన్‌లో దాన్ని పైకే రాస్తారు. సీ ప్లస్‌ప్లస్‌లో, జావాలో దాని పేరు 'దిస్'. అక్కడ చెప్పకుండానే వెళుతుంది.

మాస్టారు ఫక్కున నవ్వారు. 'ఇదేం కొత్తమ్మా? వచ్చాను అంటాం. నేను వచ్చాను అనీ అంటాం. మొదటిదాంట్లో నేను ఎక్కడికి పోయింది? క్రియలోనే దాక్కుంది. నేనే అని నువ్వంటే నువ్వు, నేనంటే నేను. మాట ఒకటే, మనుషులు వేరు.'

నిజమే. ఈ 'నేనే' కంప్యూటర్లకు కూడా పాతమాటే. ఆబ్జెక్టులకు ఆద్యులైన నార్వే శాస్త్రవేత్తలు డాల్, నైగార్డ్ 1960ల్లో తయారుచేసిన సిములా భాషలోనే 'దిస్' ఉంది. బెల్ ల్యాబ్స్‌లో 1979లో పని మొదలుపెట్టిన స్ట్రౌస్ట్రప్ దాన్ని సీ ప్లస్‌ప్లస్‌కు తెచ్చారు. స్మాల్‌టాక్‌లో దాని పేరు 'సెల్ఫ్'. 1991లో బయటికొచ్చిన పైథాన్‌లోనూ అదే పేరు వాడుకలో ఉంది.

'మరి పిలిచిందెవరో ఎందుకు తెలీదు నాన్నా?' అంది.

'కార్డు మీద టు అడ్రసు ఉంటేనే అది ఇంటికి చేరుతుంది. ఫ్రమ్ అడ్రసు రాయకపోతే రాసిందెవరో తెలుస్తుందా? రాసినవాడే చెప్పుకోవాలి' అన్నారు మాస్టారు. చూసి రాసినట్టు ఎంత చక్కగా చెప్పారో! డెల్ఫీలో బటన్ నొక్కితే నడిచే ఫంక్షన్‌కు 'సెండర్' అని ఓ విలువ అందేది అందుకే. జావాలో 'గెట్‌సోర్స్' అని అడిగేదీ అందుకే. పైథాన్‌లో పిలిచినవాళ్లెవరో వెనక్కి తొంగిచూసే మార్గం లేకపోలేదు. కానీ అది తప్పులు వెతుక్కోవడానికే, రోజువారీ పనికి పనికిరాదు.

ఆమెకు అప్పుడు తట్టింది. బటన్లను వరసపెట్టి తయారుచేసేటప్పుడు అన్నింటికీ ఒకే చీటీ చూపించింది, నంబరు ఆ చీటీ మీదే ఉందని. వరస పూర్తయ్యేసరికి చీటీ మీద మిగిలింది చివరి నంబరు. ఎవరు ఎప్పుడు నొక్కినా బటన్ చూసేది దాన్నే. తప్పు బటన్లది కాదు.

చీటీ తీసేసింది. ఒక్కో సీటునూ ఒక్కో ఆబ్జెక్టు చేసి, ఒక్కో బటన్‌కూ ఆ సీటు సొంత ఫంక్షన్‌నే కట్టింది. అలా కట్టినప్పుడు ఫంక్షన్ తన సీటును వెంటబెట్టుకునే వెళుతుంది. అరగంట పని. అక్కడితో ఆగలేదు. సీటు అడిగింది కౌంటరా, ఫోన్లో బుక్ చేసుకునేవాళ్లా అన్నది కూడా తెలియాలి కదా! పిలిచేవాళ్లు తమను తాము అందించేలా ఇంకో విలువ చేర్చింది. ఇంటర్వ్యూలో ఆ కుర్రాడు అడిగింది ఇదే.

పొద్దున్నే పాప మొదటి వరసలో ఎనిమిది సీట్లూ నొక్కేసింది. ఎనిమిదీ ఎర్రబడ్డాయి. 'మరి నాకేదమ్మా సీటు?' అన్నారు మాస్టారు.

వచ్చే గురువారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈ ప్రశ్న అడిగితే ఆమెకు బెంగలేదు. ఏడేళ్లూ ఏం చేశారంటే మాత్రం ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం తెనాలి వెళ్లాల్సిన మాస్టారు టికెట్ రద్దు చేయించుకున్నారు.