కింగ్స్ క్రాస్ గుమ్మంలో

సిడ్నీ చూడబోయిన మనవాళ్ళు మొదటిరోజున ఓపెరా భవనం చూస్తారు. రెండోరోజున వంతెన చూస్తారు. మూడోరోజున బంధువుల యింట పులిహోర తిని, ఫొటోలు వూరికి పంపుకుని, ఆస్ట్రేలియా చూడటం అయిపోయిందనుకుంటారు. నగరం నడిబొడ్డుకు కూతవేటు దూరంలో కింగ్స్ క్రాస్ అనే పేట ఒకటి వుందని వాళ్ళకు ఎవరూ చెప్పరు. అందుకు కారణం లేకపోలేదు. వెనకటి రోజుల్లో ఆ పేరెత్తితే పెద్దమనుషులు ముఖం పక్కకు తిప్పుకునేవారట.

నేను మా మేనల్లుడి యింట నెల్లాళ్ళున్నాను. నా కోరిక వినగానే వాడు, "అక్కడ నీకేం పని మావయ్యా? చూడదగ్గవి వేరే బోలెడున్నాయి" అన్నాడు. వూరు చూడటమంటే గుడి ఒక్కటే చూసి రావటం కాదనీ, సంత కూడా చూడాలనీ నచ్చజెప్పి, ఒక శనివారం రాత్రి వాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను.

హైడ్ పార్కు దగ్గర మొదలుపెట్టి విలియం వీధి వెంట తూర్పుగా నడిస్తే దారి కొంచెం కొంచెంగా మెరకెక్కుతుంది. ఆ మెరక చివర ఎర్రని కోకకోలా దీపాల బోర్డు కనిపిస్తుంది. 1974లో మొదట పెట్టిన ఆ బోర్డే పేటకు గాలిగోపురం అనుకోండి. 1897లో విక్టోరియా రాణి గద్దెనెక్కి అరవయ్యేళ్ళు నిండిన సందర్భాన యీ కూడలికి క్వీన్స్ క్రాస్ అని పేరు పెట్టారు. నగరంలో క్వీన్స్ స్క్వేర్ అని మరొకటి వుండటంతో జనం తికమకపడగా, 1905లో రాణిగారిని రాజుగారుగా మార్చి కింగ్స్ క్రాస్ అన్నారు. కాస్త లోపలికి పోతే ఎల్ అలమీన్ ఫౌంటెను వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికుల జ్ఞాపకార్థం 1961లో కట్టారు. నీళ్ళు గుండ్రంగా చిమ్ముతూ, గాలికి ఎగిరే దూదిపువ్వులా వుంటుంది. దాని పక్కన బెంచీ మీద కూర్చుంటే ఇది రౌడీల పేట అంటే ఎవరూ నమ్మరు.

కాని చరిత్ర వేరు. 1916 నుంచి 1955 వరకు యీ రాష్ట్రంలో సారాదుకాణాలు సాయంత్రం ఆరింటికే మూసెయ్యాలని చట్టం వుండేది. మూసిన తలుపు వెనక వ్యాపారం మరింత జోరుగా సాగటం లోకసహజం గదా! కేట్ లీ అనే ఆవిడ దొంగసారా అమ్మించేది. టిల్లీ డివైన్ అనే ఆవిడ వేశ్యాగృహాలు నడిపేది. యిద్దరూ బద్ధశత్రువులు, యిద్దరికీ ముఠాలు. 1927లో అనుమతి లేని పిస్తోళ్ళ మీద ప్రభుత్వం చట్టం తేగా, ముఠావాళ్ళు పిస్తోళ్ళు దాచేసి మంగలికత్తులు పట్టారు. పక్కనున్న డార్లింగ్‌హర్స్ట్ పేటకు రేజర్‌హర్స్ట్ అని పేరు పడింది. 1929లో, పేరుమోసిన నేరస్థులతో జతగా తిరగటమే నేరమన్నారు. కేట్ లీకి పెద్ద పెద్ద టోపీలన్నా, బొచ్చుకోట్లన్నా, ఉంగరాలన్నా మహా మోజు. ఆ టోపీని చూసి దారి యిచ్చినవారే గాని, టోపీ తీసి రమ్మని గుమ్మంలో ఆపినవారు లేరు.

ఆ మాట యిప్పుడెందుకు చెబుతున్నానంటే, నేటి సిడ్నీలో టోపీనీ కోటునీ చూసే గుమ్మంలో ఆపుతారు. డార్లింగ్‌హర్స్ట్ రోడ్డు మీద ఒక నాట్యశాల గోడకు తగిలించిన పలక చదివాను. చేతుల్లేని బనీన్లు పనికిరావు. రబ్బరు చెప్పులు పనికిరావు. యింతవరకు మనకూ అర్థమవుతుంది. మూడో వరుసలో, ముఠా గుర్తులున్న దుస్తులకు ప్రవేశం లేదని వుంది!

ముఠాలంటే యీ దేశంలో ముఖ్యంగా మోటారుసైకిలు ముఠాలు. వాళ్ళని బైకీలంటారు. 1984 సెప్టెంబరు 2న, అంటే ఆస్ట్రేలియాలో తండ్రుల పండుగనాడు, సిడ్నీ శివారు మిల్‌పెర్రాలో ఒక సారాదుకాణం ముందు మోటారుసైకిలు విడిభాగాల సంత జరుగుతోంది. పిల్లాజెల్లాతో జనం వచ్చారు. కొమాంచెరో, బాండిడోస్ అనే రెండు ముఠాలు తుపాకులతో అక్కడే తలపడ్డాయి. ఏడుగురు చచ్చిపోయారు. ఆరుగురు ముఠావాళ్ళు. ఏడోది పద్నాలుగేళ్ళ ఆడపిల్ల. ఏ ముఠాకూ చెందని పిల్ల. ఆనాటి నుంచి ఒక గుర్తు వేసుకున్నవాడు, మరో గుర్తు వేసుకున్నవాడు ఒకే చోట చేరితే ఏమవుతుందో యిక్కడివాళ్ళకు ఎవరూ వివరించనక్కర లేకపోయింది. 2012లో ప్రభుత్వం కింగ్స్ క్రాస్ మద్యశాలలకు ముఠాల పేర్ల పట్టీ ఒకటి యిచ్చి, వాటి గుర్తులు ధరించినవాళ్ళను లోపలికి రానివ్వరాదని నిబంధన పెట్టింది.

పలక చదువుతూ నిలబడ్డ నన్ను చూసి, గుమ్మం దగ్గర కాపలా వున్న కుర్రవాడు, "తెలుగువారా అండీ?" అని పలకరించాడు. గుంటూరు జిల్లా పిల్లవాడు! పగలు ఎం.ఎస్. చదువు, వారాంతపు రాత్రుళ్ళు యీ వుద్యోగం. యీ పనికి తరగతులకు వెళ్ళి, లైసెన్సు పుచ్చుకోవాలట. చేతికి లైసెన్సు పట్టీ కట్టుకుని, నల్లకోటు తొడుక్కుని, చలిలో నిటారుగా నిలబడ్డాడు.

"భయం వెయ్యదా బాబూ?" అన్నాను.

"వేస్తుందండీ. కాని మాస్టారూ, మాకు ముందే నేర్పుతారు. మనిషి గురించి ఒక్క మాట అనకూడదు. కోటు గురించే మాట్లాడాలి. 'మీరు రాకూడదు' అనం. 'యీ కోటు రాకూడదండీ' అంటాం."

యిరవయ్యేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను గాని, కర్తను మార్చినంతలో తగాదా తప్పుతుందన్న సంగతి యింత బాగా చెప్పినవాణ్ణి చూడలేదు.

"అయితే వాళ్ళు కోటు విప్పి నీకిచ్చి లోపలికి పోవచ్చునా?"

"అక్కడే వుందండీ చిక్కు. ఎవరికీ యివ్వరు."

ఆ చిక్కు తెలుసుకోదగ్గది. బైకీ తొడుక్కునే చేతుల్లేని కోటు వీపు మీద మామూలుగా మూడు గుడ్డబిళ్ళలు కుడతారు. పైన ముఠా పేరు, నడుమ గుర్తు, కింద ప్రాంతం పేరు. కొత్తగా చేరినవాడికి మూడూ ఒక్కసారి యివ్వరు. కొంతకాలం వూడిగం చేసి, నమ్మకం సంపాదించిన తరవాతే పూర్తి బిళ్ళ. యిచ్చిన తరవాత కూడా అది అతని సొత్తు కాదు, ముఠా సొత్తు. ముఠా వదిలిన నాడు తిరిగి యిచ్చెయ్యాలి. పరాయివాడి చేతికి పోతే పరువు పోయినట్లే. కనుక బిళ్ళ తీసి రమ్మంటే యింటికి పొమ్మన్నట్లే. పొమ్మన్నా కదలకపోతే చట్టం వుంది. బయటికి పంపిన మనిషి గుమ్మానికి 50 మీటర్ల లోపల నిలబడరాదు. 24 గంటల లోపల ఆ చోటికి తిరిగి రారాదు.

యింకో తమాషా. ముఠావాళ్ళకు దుకాణం సరుకు కూడా వుంది. ఆంగ్ల అక్షరాల్లో ఎనిమిదోది, మొదటిది కలిపితే హెల్స్ ఏంజెల్స్ అనే పేరుకు పొడి అక్షరాలవుతాయి. అందుచేత 81 అనే అంకె వేసి, అభిమానుల చొక్కాలూ టోపీలూ అమ్ముతారు. వాళ్ళ రెక్కల పుర్రె బొమ్మకు ట్రేడ్‌మార్కు కూడా వుంది. అనుమతి లేకుండా వాడుకున్నారని 2010లో అలెగ్జాండర్ మెక్వీన్ ఫ్యాషన్ కంపెనీ మీద అమెరికాలో దావా వేశారు. ఆస్ట్రేలియాలోనూ రెడ్‌బబుల్ అనే అమ్మకపు కంపెనీ మీద దావా వేస్తే 2019లో ఫెడరల్ కోర్టు 5,000 డాలర్లు నష్టపరిహారం యిప్పించింది. ఒక గుమ్మంలో నిషిద్ధమైన బొమ్మ, ఇంకో గుమ్మంలో న్యాయస్థానం కాపాడే ఆస్తి!

మిగతా రాష్ట్రాలు యింకా ముందుకు పోయాయి. క్వీన్స్‌లాండ్‌లో 2013లో మద్యశాలల వరకు వున్న నిషేధాన్ని 2016లో బహిరంగ ప్రదేశాలన్నిటికీ పొడిగించారు. పశ్చిమ ఆస్ట్రేలియా 2021 చట్టంలో పచ్చబొట్లు కూడా చేర్చారు. ఒంటిమీది పచ్చబొట్టును గుమ్మం బయట విడిచి రాలేరు గదా! కట్టు కట్టుకునో, రంగు పూసుకునో దాచుకోవలసి వచ్చింది. పొరుగున న్యూజిలాండులో 2024 నవంబరు నుంచి దేశమంతటా వీధిలో ముఠా బిళ్ళ కనబడరాదు.

ముఠావాడు తన బిళ్ళ తాను కుట్టుకున్నంతసేపు యిదంతా సబబుగానే తోస్తుంది. వాడు దుకాణంలో దొరికే గుడ్డనే గుర్తుగా ఎన్నుకుంటే? ఇంగ్లండులో అదే జరిగింది. బర్బరీ కంపెనీ గళ్ళగుడ్డ ఒకప్పుడు దొరల కోటుకు లోపలి అస్తరు. ఫుట్‌బాల్ మైదానాల్లో కొట్లాడే మూకలు ఆ గళ్ళ టోపీ పెట్టటం మొదలుపెట్టగా, 2004లో లెస్టరు నగరంలో కొన్ని సారాదుకాణాలు ఆ గళ్ళకే ప్రవేశం లేదన్నాయి. డబ్బు పోసి కొనుక్కున్న పెద్దమనిషి, కొట్లాటరాయుడు ఒకే గాట కట్టబడ్డారు. 1934 నుంచి వరసగా మూడేళ్ళు వింబుల్డన్ గెలిచిన ఫ్రెడ్ పెర్రీ పేరిట వున్న చొక్కాకూ అదే గతి పట్టింది. నలుపు మీద పసుపు చారల రకాన్ని ప్రౌడ్ బాయ్స్ అనే ముఠా వేసుకోవటంతో, 2020లో అమెరికా, కెనడాలలో ఆ రకం అమ్మకమే మానుకున్నామని కంపెనీ ప్రకటించవలసి వచ్చింది. గుడ్డ నేసినవాడి తప్పేమిటి? కొన్నవాడి తప్పేమిటి?

యిది విని మా మేనల్లుడు, "మన దగ్గర పంచె కట్టుకున్నవాణ్ణి క్లబ్బులోకి రానివ్వరు. అది మాత్రం ఏం న్యాయం?" అన్నాడు. నిజమే. 2014లో మద్రాసులో ఒక క్రికెట్ క్లబ్బు, పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మంలో ఆపింది. ఆ యేడే తమిళనాడు శాసనసభ, పంచె కట్టినవాణ్ణి ఆపరాదని చట్టం చేసింది. పైకి చూస్తే రెండూ ఒకటే, గుమ్మంలో బట్టను చూసి మనిషిని ఆపటం. కాని పంచె ఒకరిని బెదిరించటానికి కట్టేది కాదు. మన తాతలు కట్టారు, మనం కడుతున్నాం. ముఠా బిళ్ళ ఎదుటివాణ్ణి బెదిరించటానికే కుట్టేది. దాన్ని ఆపటంలో నాకు అన్యాయం కనబడలేదు.

అయితే ఆ పిల్లవాడు చెప్పిన మరో మాట నన్ను వదలలేదు. "పేర్ల పట్టీ వుంటే సుఖమండీ. పట్టీలో వుంటే ఆపుతాం, లేకపోతే వదులుతాం. పట్టీ లేనిచోట, 'మీకు అనుమానంగా వుంటే ఆపండి' అంటారు. అప్పుడు చూపు బట్ట మీద నుంచి మొహం మీదికి పోతుంది. నల్లగా వున్నవాణ్ణి, దీవులవాణ్ణి ఆపటం మొదలవుతుంది. నేను కస్టమరుగా వేరేచోటికి పోతే నన్నే ఆపారు."

ఏ చోటో అతను చెప్పలేదు, నేను అడగలేదు. నిబంధన మంచిదా చెడ్డదా అన్నది పలక మీది అక్షరాల్లో తేలదు. వాటిని చదివి మనిషిని కొలిచే చూపులో తేలుతుంది.

యిప్పుడు కింగ్స్ క్రాస్‌లో వెనకటి జోరు లేదు. దెబ్బలాటల్లో కుర్రవాళ్ళు చనిపోగా, 2014లో రాత్రి ఒంటిగంటన్నర తరవాత కొత్తవాళ్ళను లోనికి రానివ్వరాదని, మూడింటికి మద్యం ఆపాలని చట్టం తెచ్చారు. 2021లో యీ పేటలో దాన్ని ఎత్తేశారు గాని, మూతబడ్డ నాట్యశాలలు చాలావరకు తెరుచుకోలేదు. వాటి స్థానే మేడలు లేచాయి. ఫౌంటెను దగ్గర తల్లులు పిల్లలను ఆడిస్తున్నారు.

మీ పిల్లలెవరైనా ఆ దేశంలో వుంటే ఒక మాట చెప్పండి. చవగ్గా దొరికిందని 81 అంకె వున్న చొక్కా కొనవద్దని. రాత్రిపూట బయటికి పోతే కాళ్ళకు బూట్లు, జేబులో గుర్తింపు కార్డు వుండాలని. గుమ్మంలో నల్లకోటు వేసుకుని నిలబడ్డవాడు కసురుకున్నా మర్యాదగా జవాబు చెప్పమని. ఆ నల్లకోటులో వున్నది గుంటూరు పిల్లవాడే కావచ్చు. తెల్లవారితే అతనికి పరీక్ష వుండవచ్చు.