ఖర్జూరపు విత్తనం

బంజారా హిల్స్ మొదలు ఫిలింనగర్ వరకు ఉన్న ఆ కొండల మీద పుట్టే కథలకు ఒక కట్టుబాటు ఉంది. పాత్ర స్వభావం ముందే నిర్ణయమై ఉంటుంది. ప్రేక్షకుడు దాన్ని చూడగలడే గాని మార్చలేడు. మేము సినిమాలు చూసేవారం కాము. అయినా 2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చాక, కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న మా మదరసా వరండా వరకూ వచ్చింది. 2017లో రెండవ భాగం జవాబు చెప్పింది. అతడు సింహాసనానికి కట్టుబడిన బానిస, రాజమాత ఆజ్ఞాపించింది, దుఃఖిస్తూనే కత్తి దూశాడు. ఆ మనిషి మరొకటి చేయలేడు.

నేటి యువకులు ఆడే ఆటలలో ఈ కట్టుబాటు సడలింది. కథ మధ్యలో ఆగి ఆటగాణ్ణి అడుగుతుంది: కాపాడతావా, వదిలేస్తావా? నిజం చెబుతావా, దాస్తావా? బంజారా హిల్స్‌లో మేము ఖుర్ఆన్ పాఠం చెప్పే ఒక ఇంట్లో, ఇంజనీరింగు చదివే శిష్యుడు ఇందులోని రెండు పద్ధతులను మాకు వివరించాడు. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’లో కథానాయకుడు ఏమీ రాయని పలక. పేరు, ముఖం, వృత్తి, మంచిచెడ్డలు అన్నీ ఆటగాడే రాసుకుంటాడు. 2015లో పోలండ్ సంస్థ విడుదల చేసిన ‘విచర్’ మూడవ భాగం అలా కాదు. (అది వయోజనుల కోసం చేసినది, పిల్లలకు తగదు.) దాని నాయకుడు గెరాల్ట్ అంతకుముందే నవలలలో రూపుదిద్దుకున్నవాడు. ఎంపికలు ఉంటాయి గాని, అవి గెరాల్ట్ వంటి మనిషి చేయగలిగినవే.

“నాకు మొదటిదే ఇష్టం, మౌలానా సాబ్. అందులో నేను ఎలాగైనా ఉండవచ్చు” అన్నాడు శిష్యుడు.

పక్కనే ఉన్న తమ్ముడు ఊరుకోలేదు. “మరి అమ్మీ మీద అరిచినప్పుడు, నా స్వభావమే అంత అంటావెందుకు, భాయిజాన్?”

పాఠకులారా, ఆ చిన్నవాడి ప్రశ్నలో మనందరి సంగతి ఉంది. ఆటలో సంపూర్ణ స్వేచ్ఛ కోరుతాము. ఇంట్లో మాత్రం కట్టప్పలమైపోతాము.

క్రీ.శ. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో, స్వభావం మారదనే వారికి సమాధానం చెప్పారు. మారనిదైతే హితబోధకు, శిక్షణకు అర్థమే లేదు. అడవి డేగ మచ్చికవుతుంది, పొగరు గుర్రం కళ్ళేనికి లొంగుతుంది. మనిషి వాటికన్నా తీసిపోయాడా? ఆయన ఇచ్చిన ఉపమానం మరీ గొప్పది. ఖర్జూరపు విత్తనం ఇంకా చెట్టు కాదు. పోషిస్తే ఖర్జూర వృక్షమవుతుంది. ఎంత పోషించినా ఆపిల్ చెట్టు మాత్రం కాదు. కోపాన్ని వేళ్ళతో పెకలించలేము, అదుపులోకి తేగలము. మనిషి రాయని పలక కాడు, చెక్కేసిన శిల కూడా కాడు.

ఆలోచన అవసరం లేకుండానే సులభంగా పనులు చేయించే స్థిరమైన మనోస్థితినే ఇమామ్ స్వభావమన్నారు. అది అభ్యాసంతో వస్తుంది. పిసినారి మొదట మనసును బలవంతపెట్టి దానం చేస్తాడు. చేయగా చేయగా ఆ చేయి దానంతటదే చాస్తుంది. కనుక మన ప్రతి ఎంపికా మన స్వభావాన్ని బయటపెట్టడమే కాదు, దాన్ని తయారు చేస్తుంది కూడా.

ఆటలో తప్పు జరిగితే దాచుకున్న పాత ఘట్టానికి వెళ్ళి మళ్ళీ ఆడవచ్చు. తల్లితో అన్న కటువైన మాటకు ఆ వీలు లేదు. తౌబా ద్వారం తెరిచే ఉంది. కాని తౌబా అంటే కాలాన్ని వెనక్కి తిప్పడం కాదు, మనం తిరిగి రావడం. నొచ్చుకున్న తల్లిని క్షమించమని అడగడం కూడా అందులో భాగమే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. “వీడింతే, తండ్రి పోలిక, మొండివాడు” అని పదిమంది ముందు అనకండి. ఎదుగుతున్న బిడ్డకు అది చివరి దాకా రాసిపెట్టిన పాత్రవుతుంది. ఆట ముగించి లేచినప్పుడు పక్కన కూర్చుని అడగండి: “అక్కడ నువ్వు ఏది ఎంచుకున్నావు, ఎందుకు?” ఆ జవాబు ఓపికగా వినండి. విత్తనానికి నీళ్ళు పోయడం అక్కడే మొదలవుతుంది.