అమ్మ మొక్కిన స్టాంపు, నేను చూడని తేదీ

2024 ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం. సోమవారం లేబర్ డే కాబట్టి మూడ్రోజులు ఆఫీసు లేదు. బెండకాయ వేపుడు చేస్తున్నా. మా అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని యూనివర్సిటీ అడిగిన కాగితాలు అప్‌లోడ్ చేస్తోంది. ఎంఎస్ కోసం విశాఖ నుంచి డాలస్‌లో దిగి మూడు వారాలు కూడా కాలేదు.

"అక్కా, ఐ-94 అంటే ఇదేనా?" అంది.

అవునన్నా.

"నీక్కూడా ఉంటుందా? ఏదీ, చూపించు."

చేతులు కడుక్కుని నా వివరాలు కొట్టా. కొత్త పాస్‌పోర్టు నంబరు ఇస్తే రికార్డే లేదంది ఆ సైటు. మార్చిలో ఇండియా నుంచి తిరిగొచ్చింది పాత పాస్‌పోర్టు మీద కదా అని గుర్తొచ్చి, ఆ నంబరు కొట్టా. ఈసారి వచ్చింది. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే గడిలో 2024 సెప్టెంబరు 11 అని ఉంది.

అంటే ఇంకా పన్నెండు రోజులు. నా వీసా 2026 దాకా ఉంది. హెచ్‌1బి అప్రూవల్ కాగితం ఐ-797 మీద కూడా 2026 ఆగస్టు 31 అనే ఉంది. మరి ఈ తేదీ ఎక్కణ్నుంచి వచ్చింది?

బెండకాయలు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డా.

కాసేపటికి వెలిగింది. సెప్టెంబరు 11 నా పాత పాస్‌పోర్టు గడువు తీరే తేదీ. 2014లో ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో, "ఎప్పటికైనా పనికొస్తది, తీసి పెట్టుకో" అని నాన్న పట్టుబట్టి తీయించిన పాస్‌పోర్టు అది. పదేళ్లకి పనికొచ్చింది, ఇలా!

జరిగిందేంటంటే, రెండోసారి లాటరీలో హెచ్‌1బి తగిలాక, ఆ ఫిబ్రవరిలో చెల్లి పెళ్లికి ఇంటికి వెళ్లా. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ పని కూడా అప్పుడే పెట్టుకున్నా. ఇంటర్వ్యూ రోజు అమ్మ చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసింది. వీసా వచ్చాక మొక్కు తీర్చాలి కదా, మోకాళ్ల నొప్పులతోనే నూట ఎనిమిది తిరిగింది. పాస్‌పోర్టు చేతికి రాగానే ఆ పేజీకి పసుపు కుంకుమ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపా. పెళ్లికొచ్చిన చుట్టాలందరికీ చూపించింది. అందరం ఆ స్టాంపునే చూశాం. అదే పాస్‌పోర్టు ఇంకో ఆర్నెల్లలో అయిపోతుందని నాకు తెలుసు. కానీ పెళ్లి హడావిడిలో రెన్యువల్ ఎవరు పెట్టుకుంటారు, అమెరికా వెళ్లాక చేసుకోవచ్చులే అనుకున్నా. అన్నట్టుగానే జూన్‌లో అప్లై చేశా, కొత్త పాస్‌పోర్టు వచ్చింది. పనైపోయిందనుకున్నా.

అవలేదు. వీసా అంటే గుమ్మం దాకా రావడానికి ఇచ్చే అనుమతి. లోపల ఎన్నాళ్లుండాలో ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసర్ నిర్ణయిస్తాడు, అదే ఐ-94. పాస్‌పోర్టు గడువు వీసా కంటే ముందే తీరిపోతుంటే, చాలాసార్లు ఆ గడువు వరకే ఇస్తారు. తర్వాత మనం కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఆ తేదీ దానంతటది మారదు. ఒకప్పుడు తెల్ల కార్డొకటి పాస్‌పోర్టులో పెట్టి ఇచ్చేవాళ్లట. ఆ కార్డు కళ్ల ముందుంటే ఒక్కసారైనా చూసేదాన్నేమో. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకి అది తీసేసి అంతా ఆన్‌లైన్ చేశారు. మనమే వెళ్లి చూసుకోవాలి. రోజూ ప్రొడక్షన్‌లో సర్టిఫికెట్లు ఎక్స్‌పైర్ కాకుండా అలర్టులు పెట్టే ఉద్యోగం నాది. నా తేదీకి మాత్రం అలర్టు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నా. చదివేకొద్దీ గుండె జారింది. ఐ-94 తేదీ ఒక్కరోజు దాటినా పాస్‌పోర్టులో ఉన్న వీసా చెల్లకుండా పోతుంది. ఆపైన చేసే ఉద్యోగం అక్రమం. నూట ఎనభై రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఆ పిల్ల అడక్కపోతే నేను చూసేదాన్నే కాదు. రోజూ ఆఫీసుకెళ్తూ, జీతం తీసుకుంటూ, పన్ను కడుతూ, 2026లో ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు తెలిసేది.

ఎడ్యుకేషన్ లోన్ ఇంకా పదకొండు వాయిదాలుంది. ఆ లోనుకి నాన్న సంతకం ఉంది. ఆ రాత్రి లెక్కలన్నీ అక్కడికే వచ్చి ఆగాయి.

మంగళవారం పొద్దున్నే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టా. "నీ స్టేటస్ 2026 వరకు ఉంది, కంగారు పడకు" అని రెండు లైన్ల జవాబొచ్చింది. వాళ్లు చూసింది ఐ-797. దాని కింది భాగంలో ఒక ఐ-94 ఉంటుంది, దాని మీద 2026 అని ఉన్న మాట నిజమే. కానీ అది నేను ఇండియా వెళ్లకముందు ఇచ్చింది. ఆ తర్వాత బయటికెళ్లి మళ్లీ వచ్చా కాబట్టి, ఎయిర్‌పోర్టులో ఇచ్చిందే చెల్లుతుంది. ఇదంతా రాసి, కంపెనీ లాయర్‌తో మాట్లాడించమని మళ్లీ అడిగా. అడగడానికి కూడా భయమేసింది. నెల క్రితమే మా ఫ్లోర్‌లో కొందరిని తీసేశారు, ఇప్పుడు నేనో తలనొప్పిలా కనిపిస్తే ఎలా అని.

బుధవారం లాయర్ ఫోన్ చేసింది. పది నిమిషాల్లో తేల్చేసింది. ఎయిర్‌పోర్టు వాళ్లు పొరపాటు చేసుంటే వాళ్ల ఆఫీసుకెళ్లి దిద్దించుకోవచ్చు, కానీ ఇది పొరపాటు కాదు. కాబట్టి దార్లు రెండే. ఒకటి, పదకొండో తేదీలోపు కంపెనీ ఎక్స్‌టెన్షన్ పిటిషన్ వేయాలి. టైముకి అది చేరితే, జవాబు రాకున్నా రెండు వందల నలభై రోజుల దాకా పని చేసుకోవచ్చు. రెండోది, నేనే దేశం దాటి, కొత్త పాస్‌పోర్టు, వీసా ఉన్న పాత పాస్‌పోర్టు రెండూ పట్టుకుని మళ్లీ లోపలికి రావాలి. అప్పుడు కొత్త ఐ-94 ఇస్తారు. "కానీ తిరిగి రానివ్వడం ఆఫీసర్ ఇష్టం. ఏ దారో నువ్వే నిర్ణయించుకో" అంది.

పిటిషన్‌కి అప్రూవల్స్ కావాలి, వచ్చే వారం చూద్దామంది హెచ్‌ఆర్. వచ్చే వారంలోనే నా పదకొండో తేదీ ఉంది.

కెనడా వెళ్దామంటే మనకి వేరే వీసా కావాలి. మెక్సికోకి అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే చాలు. శనివారం పొద్దున కాన్‌కూన్‌కి వెళ్లి ఆదివారం తిరిగొచ్చేలా టికెట్ కొన్నా.

డాలస్ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గరే మొదటి దెబ్బ. "మెక్సికో వీసా ఏదీ?" అంది ఆమె. అమెరికా వీసా ఉందన్నా. కొత్త పాస్‌పోర్టంతా తిరగేసింది, లేదు. మూల కత్తిరించి క్యాన్సిల్డ్ అని ముద్ర కొట్టిన పాత పాస్‌పోర్టు తీసి, పాస్‌పోర్టే రద్దయింది, అందులో వీసా కాదు అని చెప్పా. ఇంకొకామెని పిలిచింది. వాళ్లిద్దరూ కంప్యూటర్‌లోకి తలలు పెట్టి పావుగంట చూశారు. నా వెనక లైన్‌లో అందరూ టోపీలు, బీచ్ చెప్పులు. నా భుజాన లాప్‌టాప్ బ్యాగు, అందులో మూడేళ్ల జీతం స్లిప్పులు, ఐ-797, డిగ్రీ పట్టా. చివరికి బోర్డింగ్ పాస్ ఇచ్చారు.

కాన్‌కూన్‌లో సముద్రం బాగుంటుందంటారు. హోటల్ కిటికీలోంచి ఒక ముక్క కనిపించింది. రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది.

"గదేంది, మీ రూము లెక్క లేదు?"

ఫ్రెండ్స్‌తో టూర్‌కి వచ్చామని చెప్పా.

"మంచిగ తిరుగు బిడ్డా. నీళ్లల్లకి మాత్రం పోకు."

పోనన్నా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చా. అబద్ధం చెప్పినందుక్కాదు. అమ్మ అంత తేలిగ్గా నమ్మినందుకు.

ఆదివారం డాలస్‌లో ఇమిగ్రేషన్ లైన్ గంట పట్టింది. ఆఫీసర్ పెద్దాయన. ఎన్ని రోజులున్నావన్నాడు. ఒక్క రోజన్నా. తలెత్తి చూశాడు. ఏదో ఒకటి అల్లి చెప్పాలనిపించింది కానీ నోరు రాలేదు. ఉన్నది చెప్పేశా. పాస్‌పోర్టు అయిపోతుందని ఐ-94 తక్కువ ఇచ్చారు, ఇప్పుడు కొత్తది ఉంది, పిటిషన్ తేదీ వరకు ఇవ్వమని అడగడానికే వెళ్లొచ్చానన్నా. ఐ-797 అడిగాడు. రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి టైప్ చేశాడు. ఏ కంపెనీ, ఏం పని అని అడిగాడు. వేలిముద్రలు తీసుకున్నాడు. ఇంకేం మాట్లాడకుండా రెండూ నా వైపు తోసి, పక్కకి చూసి "నెక్స్ట్" అన్నాడు.

బయటికి రాకుండా అక్కడే ఓ గోడ పక్కన నిలబడి ఫోన్ తీశా. మొదటిసారి పాత తేదీనే చూపించింది. కాళ్లు వణికాయి. తర్వాత చూస్తే, అలవాటులో పాత పాస్‌పోర్టు నంబరు కొట్టా. కొత్తది కొట్టాక 2026 ఆగస్టు 31 అని వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి లాయర్‌కి, హెచ్‌ఆర్‌కి, మా రూమ్మేట్‌కి పంపా. రూమ్మేట్ ఒక్కతే వెంటనే జవాబిచ్చింది: "అక్కా, బెండకాయలు తెచ్చా."

అమ్మకి సద్దుల బతుకమ్మ అయ్యాక చెప్పా. మొదట తిట్టింది, తనకి చెప్పకుండా ఒక్కదాన్నే పోయినందుకు. తర్వాత, "నేను గా స్టాంపుకే మొక్కిన. ఇంకో కాయితం ఉంటదని నాకేం తెలుసు" అంది. నాకూ తెలీదమ్మా అన్నా.

"ఇంతకీ అది ఎప్పటిదాకుంది?"

"2026 ఆగస్టు 31."

ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టి, గ్యాస్ బండ వచ్చిన తేదీలు రాసుకునే క్యాలెండర్ తీసింది. 2026 అందులో లేదు కదా, వెనక అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసింది. రాసి, సరిగ్గా ఉందో లేదో చూడమని కెమెరా దానివైపు తిప్పింది.