తాతా, చాలు

నాకు మధుమేహం వచ్చి పదకొండేళ్లు. డాక్టరుగారు రాసిన మందులు ఏనాడూ ఆపలేదు. నా కంచాన్ని దారికి తెచ్చింది మాత్రం కోసల రాజు పసేనది. ఆయన కథ సంయుత్త నికాయంలో ఉంది. ద్రోణెడు బియ్యపు అన్నం తిని, ఆయాసపడుతూ వచ్చిన రాజుకు బుద్ధుడు ఉపవాసం చెప్పలేదు, అన్నం మానమనీ అనలేదు. మితమెరిగి తినమన్నాడు. రాజు ఆ గాథను సుదస్సనుడనే యువకుడి చేత రోజూ భోజనం వేళ చెప్పించుకుని, క్రమంగా నాళికెడు అన్నానికి దిగాడు.

మా ఇంట్లో సుదస్సనుడు నా మనవరాలు. రెండో గరిటె పడగానే "తాతా, చాలు" అంటుంది. ముందు కూర, పప్పు తింటాను, ఆ తర్వాతే అన్నం. రాగిజావ ఎంత తాగినా ఫరవాలేదనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. మెత్తటి పిండితో కాచిన జావ చక్కెరను త్వరగానే పెంచుతుంది. జొన్నరొట్టెకైనా లెక్క ఉండాలి. తిన్నాక పదిహేను నిమిషాలు వీధిలో నడుస్తాను, కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి. రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. స్పర్శ తగ్గిన కాలికి గాయమైనా తెలియదు మరి. జేబులో చక్కెర పొట్లం ఉంటుంది. చెమటలు పట్టి చేతులు వణికితే, మితం మాట పక్కన పెట్టి మూడు చెంచాలు నోట్లో వేసుకోవలసిందే.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈసారి 6.9. రాజుగారు సుదస్సనుడికి రోజుకు వంద కహాపణాలు ఇచ్చాడట. నేను ఆదివారం బఠాణీలు కొనిపెడుతున్నాను.