మీట తిప్పితే ఉలిక్కిపడే పాట

ఎల్పీ రికార్డు గాడిలో సూది కదిలితే పుట్టే విద్యుత్తు చాలా స్వల్పం. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకాల్లో చాలావాటికి అందులో పదో వంతే. యాంప్లిఫయర్‌లోని ఫోనో స్టేజి ఆ 5 మిల్లీవోల్టులను వంద రెట్లు పెంచితే అర వోల్టు అవుతుంది. క్యాసెట్ డెక్, రేడియో ట్యూనర్ ఇచ్చేది కూడా దాదాపు అంతే, మూడో వంతు నుంచి అర వోల్టు దాకా. అందుకే డెబ్బైల నాటి సెట్లలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే పెద్ద తేడా తెలిసేది కాదు.

1982 అక్టోబరులో జపాన్‌లో సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. సీడీ ప్లేయర్ పూర్తి స్థాయిలో ఇచ్చేది సుమారు 2 వోల్టులు. పాత పరికరాల మూడో వంతు వోల్టుతో పోలిస్తే ఇది 16 డెసిబెల్స్ ఎక్కువ, అంటే చెవికి దాదాపు మూడింతల మోత. బాలమురళీకృష్ణ ఎల్పీ వింటూ, వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా సెలెక్టర్‌ను సీడీ వైపు తిప్పితే అదే గాత్రం ఇల్లదిరేలా వచ్చి పడుతుంది. పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు.

మోత ఒక్కటే అయితే నాబ్ తగ్గించుకుంటే సరిపోయేది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. సీడీ కోసం నాబ్‌ను బాగా కిందికి, ఎనిమిది గంటల ముల్లు దగ్గరికి దించాలి. మామూలు వాల్యూమ్ కంట్రోల్ లోపల ఎడమకొకటి, కుడికొకటి చొప్పున రెండు కార్బన్ పట్టీలుంటాయి. అవి పైస్థాయిలో సరిగ్గా జోడీ కుదురుతాయి గానీ, అడుగున ఒకటి ముందు, ఒకటి వెనక నడుస్తాయి. దాంతో నడిమధ్య వినిపించాల్సిన గొంతు ఓ పక్కకి ఒరుగుతుంది. చాలామంది దానికి స్పీకర్లను అనుమానించి అటూ ఇటూ జరుపుతుంటారు.

ఇంతకంటే పెద్ద నష్టం, ఏ పరికరం మేలన్న తీర్పు దగ్గర జరుగుతుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చేసిన ప్రయోగాలు ఒక సంగతి తేల్చాయి. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్వరాలు మిగతావాటికంటే ఎక్కువగా మరుగున పడతాయి. కొంచెం గట్టిగా మోగే పెట్టెలో మృదంగం తొప్పి నిండుగా ఉంటుంది, తంబురా గాలంతా పరుచుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా అది ‘గట్టిగా ఉంది’ అని అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది. స్థాయిలు కలపకుండా రెండు పరికరాలను పోల్చి, ఆ మాట నమ్మి వేలకు వేలు పోసి కొనడం నిజంగా బాధాకరం. ఆడియో ఇంజనీర్ డేవిడ్ క్లార్క్ 1982లోనే, విన్నది ఏ పరికరమో తెలియకుండా పోల్చే ఏబీఎక్స్ పద్ధతిని వివరించాడు. అలాంటి పరీక్షల్లో రెండింటి మధ్య తేడాను పదో వంతు డెసిబెల్ లోపు ఉంచడం ఆనవాయితీ. అంటే ఒకటి 2.00 వోల్టులు చూపిస్తే రెండోది 2.02 దాటకూడదు.

పాత ఇంజనీర్లు ఈ తిప్పలు ముందే ఊహించారు. ఇంగ్లండ్‌లో హంటింగ్డన్ ఊరి క్వాడ్ కంపెనీ 1967లో తెచ్చిన క్వాడ్ 33 ప్రీయాంప్లిఫయర్‌లో రికార్డు ప్లేయర్ కోసం చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాన్ని బయటికి లాగి, మరో అంచు లోపలికి పోయేలా తిప్పి గుచ్చితే కార్ట్‌రిడ్జ్‌కి తగ్గట్టు అందుకునే స్థాయి మారుతుంది. ఇంత చక్కని ఏర్పాటు తర్వాతి చాలా యాంప్లిఫయర్లలో కనబడకపోవడం లోటే. ఇప్పటి డెనాన్, మరాంజ్ హోం థియేటర్ రిసీవర్ల మెనూలో ఒక్కో పరికరం స్థాయిని విడిగా సర్దే ‘సోర్స్ లెవెల్’ అనే వరస ఉంటుంది. ఎంతమంది దాన్ని తెరిచి చూశారో!

ఆ వరస లేని యాంప్లిఫయర్‌కి రెండు రెసిస్టర్లు చాలు. కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో రూపాయల్లో దొరుకుతాయి. 10 కిలో ఓములది వరసలో, 4.7 కిలో ఓములది గ్రౌండ్‌కి కలిపితే సీడీ సిగ్నల్ సుమారు 10 డెసిబెల్స్ తగ్గి, 2 వోల్టులు 0.6 చేరువకు వస్తాయి. ఒక్కో చానల్‌కి ఒక్కో జత కావాలి. వాటిని ప్లేయర్ దగ్గర కాకుండా తీగ చివర, యాంప్లిఫయర్ దగ్గర పెట్టడం మంచిది. బలమైన సిగ్నల్ తీగంతా ప్రయాణించి వస్తే దారిలో చొరబడే గుర్రుమనే రొద కూడా దాంతోపాటే తగ్గుతుంది. అన్నిటికంటే బలహీనమైన పరికరాన్ని కొలతగా పెట్టుకుని మిగతావాటిని దాని దగ్గరికి దించాలి.

కొలవడానికి మల్టీమీటర్ ఉంటే సరి. ఏసీ వోల్టుల మీద పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల మీద మీటర్ ముళ్లు ఆనించాలి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగిలితే యాంప్లిఫయర్‌కే ముప్పు కాబట్టి చేయి కదలకూడదు. చవక మీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర తప్పు చెబుతాయి. 400 హెర్ట్జ్ టోన్ నయం. సీడీకి టెస్ట్ డిస్కు, ఎల్పీకి టెస్ట్ రికార్డు వేసి, నాబ్ కదపకుండా రెండు అంకెలూ రాసుకోవాలి. రేడియోకి అలాంటి టోన్ దొరకదు. ఆకాశవాణి వార్తలు చదివే గొంతు, సీడీలోని మాటలు ఒకే నాబ్ దగ్గర సమానంగా వినిపిస్తే ట్యూనర్ పని అయినట్టే.