విడిగా పెట్టిన గ్లాసు



2019 వేసవిలో మేము దంపతులము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో మా తమ్ముని ఇంట కొన్నాళ్లు ఉన్నాము. ప్రక్కింటి ఆయన ఇరాకు యుద్ధమునకు వెళ్లి వచ్చిన మాజీ సైనికుడు. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కాయే. ఒకరోజు మజ్జిగ అందుకొనుటకు చేయి చాపగా మణికట్టు మీద ఎర్రని మచ్చలు, పొలుసులు కనిపించాయి. ఆయన త్రాగిన గ్లాసును మేము విడిగా పెట్టాము. ఆయన చూశారు. ఏమీ అనలేదు.

అది సొరియాసిస్ అనీ, అంటువ్యాధి కాదనీ రాత్రి తమ్ముడు చెప్పాడు. అయినా, “కాళ్లు చేతులు ఉన్నవాడు పని చేసుకొనవచ్చును గదా, ప్రభుత్వ సొమ్మెందుకు?” అనుకొన్నాము.

తరువాత ఆయనే చెప్పారు. హోటలులో గిన్నెలు కడుగుచుంటే అరచేతులు పగిలి రక్తము కారేది. ఆ పని పోయింది. గోదాములో చేరితే, వ్యాధి హెచ్చినప్పుడెల్ల సెలవులు పెట్టవలసి వచ్చి అదీ పోయింది.

సైనిక సేవ వలన కలిగిన చర్మవ్యాధికి అక్కడ శాతములు కట్టుదురు. శరీరములో 5 నుండి 20 శాతము లోపు వ్యాపిస్తే 10. 20 నుండి 40 వరకు 30. 40 దాటినా, లేక ఏడాది పొడుగునా దాదాపు ఎడతెగక మాత్రలో ఇంజెక్షన్లో వాడవలసి వచ్చినా 60. ఒకే వైకల్యము 60 శాతమై, దానివలన నిలకడగా జీవనోపాధి చేయలేడని రుజువైతే 100 శాతము వారికిచ్చు భృతియే దొరుకును.

అయితే ఆయనను పరీక్షించిన నాడు మచ్చలు తగ్గియున్నవి. 10 శాతమే వచ్చింది. హెచ్చు తగ్గులు గల వ్యాధిని హెచ్చినప్పుడే పరీక్షించవలెనని 1994లోనే ఒక సైనికుని కాలి చర్మవ్యాధి వ్యాజ్యములో అక్కడి న్యాయస్థానము చెప్పినది. ఆ సంగతి తెలిసి ఆయన భార్య, వ్యాధి హెచ్చినప్పుడెల్ల తేదీ వేసి ఫోటోలు తీసింది. మందుల చీటీలు, పని మాన్పించిన యజమానుల ఉత్తరములు జతచేసి మరల అర్జీ పెట్టారు. రెండేళ్లకు 60 శాతము, ఆపైన పూర్తి భృతి మంజూరైనవి.

“డబ్బు కన్నా, నేను సోమరిని కానని ఒకరు వ్రాసి ఇచ్చారు, అది చాలు” అన్నారాయన.

మేము తల వంచుకొన్నాము. నయమాను కూడా సైనికుడేనని ఎన్నిసార్లు ప్రసంగించలేదు! మరునాడు ఆయనను పిలిచి, క్షమాపణ అడిగి, మా గ్లాసులోనే మజ్జిగ ఇచ్చాము.

మన ఇండ్లలోనూ అటువంటి గ్లాసు ఒకటి విడిగా ఉన్నదేమో చూచుకొందము.