పన్నెండు నెలల లెక్క

ఈ నెల మీకు ప్రసంగము వ్రాయబోవడం లేదు. ఒక ఒప్పుకోలు వ్రాస్తున్నాను. ఇది చదివాక నా మీద మీకున్న గౌరవము కొంత తగ్గవచ్చు. అయినా మీలో ఒక్క కుటుంబానికైనా, ఒక్క సేవకునికైనా మేలు కలిగితే నాకు సంతోషమే.

నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పల్లెలో మా నాన్నగారు కట్టిన మట్టి మిద్దె ఉంది. నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మ ఒక్కతే అందులో ఉంటోంది. నిరుడు వానలకు దూలము విరిగి ఒక మూల కూలిపోయింది. ఆ రాత్రంతా అమ్మ వంటింటి గోడకు ఆనుకొని కూర్చుని తెల్లవార్చింది. వనపర్తికి వచ్చి మాతో ఉండమని బ్రతిమాలాను. "మీ నాయన కట్టిన ఇల్లు ఇడిసి యాడికొస్త బిడ్డా" అంది. ఇక ఇల్లు బాగుచేయించడం తప్ప మార్గము కనబడలేదు.

సంఘము నాకిచ్చే జీతము నెలకు 18,000 రూపాయలు. నా భార్య ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి 9,000 తెస్తుంది. వనపర్తిలోని ఒక బ్యాంకులో 3 లక్షల ఋణానికి దరఖాస్తు పెట్టాను.

నా చిన్నతనంలో నాన్నగారు అప్పుకు పోతే షావుకారు ఏ కాగితమూ అడిగేవాడు కాదు. ఎవరు కల్లు దుకాణం దగ్గర ఎంతసేపు కూర్చుంటారో, ఎవరింట్లో పెళ్లికి ఎంత ఖర్చయిందో, ఎవరు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పనికి వలస పోయారో అంతా ఆయనకు నోటికి వచ్చు. ఆ ఎరుకను బట్టే వడ్డీ. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది.

బ్యాంకు ఆఫీసరు మా అబ్బాయి ఈడు కంటే కొంచెం పెద్దవాడు. "మీ ఖాతా వివరాలు చూడటానికి ఫోనులో అనుమతి ఇవ్వండి పాస్టరుగారూ" అన్నాడు. ఇలా ఖాతా సమాచారాన్ని ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చే సంస్థలను అకౌంట్ అగ్రిగేటర్లు అంటారు. వాటి కొరకు రిజర్వు బ్యాంకు 2016లో నియమాలు చేసింది. 2021 సెప్టెంబరు నుండి బ్యాంకులు ఈ పద్ధతిలోకి వచ్చాయి. ఎవరికి, దేని కొరకు, ఎంత కాలానికి చూపించాలో ఖాతాదారుడే ఒప్పుకోవాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చు కూడా. మధ్యనున్న ఆ సంస్థ మన లెక్కలను చదువుకోకూడదు, కేవలం చేరవేయాలి.

నేను అనుమతి ఇచ్చాను. కొద్దిసేపట్లోనే పన్నెండు నెలల నా బ్రతుకు ఆయన ఎదుట తెరచుకుంది. జీతము ఏ తేదీన పడింది, ఎన్ని రోజుల్లో అయిపోయింది, నెలాఖరుకు ఎంత మిగిలింది, ఏ వాయిదా డబ్బు లేక తిరిగిపోయింది, ఎవరికి పంపాను, ఎక్కడ తిన్నాను, అన్నీ వరుసగా విడివిడిగా ఉన్నాయి.

ఆయన ఒక చోట ఆగి చిరునవ్వు నవ్వాడు. "గద్వాలలో ఒక వైన్ షాపుకు 640 రూపాయలు కట్టారు." నిజమే. మా పాత సంఘస్థుడొకడు బాకీ పడితే దుకాణమువాడు అతని సైకిలు పట్టుకున్నాడు. ఆ బాకీ తీర్చి అతణ్ణి ఇంటికి తెచ్చాను. ఆ సంగతి ఆ వరుసలో ఎక్కడా లేదు. ప్రతి శనివారమూ ఒకే నంబరుకు 500 వెళ్లడం కూడా ఆయనకు వింతగా తోచింది. అది డయాలసిస్‌కు వెళ్లే ఒక సహోదరుని బస్సు చార్జీ.

తరువాత ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "ఆది, సోమవారాల్లో మీ ఖాతాలోకి వందలు, రెండు వందలు, ఐదు వందలు చాలా వస్తున్నాయి. నెలకు దాదాపు 22,000. మిషను దీన్ని మీ ఆదాయము కింద కలిపి, నెలకు 40,000 వస్తున్నట్టు చూపిస్తోంది. ఇది మీ సంపాదనేనా? ఔనంటే 3 లక్షలకు అడ్డు లేదు."

అవి సంఘ కానుకలు. కరోనా రోజుల్లో ఆరాధనలు ఆగిపోయినప్పుడు కొందరు నా ఫోను నంబరుకే కానుక పంపడం మొదలుపెట్టారు. తరువాత గుడి తలుపులు తెరిచినా ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. అది మార్చాలని నేనూ తలంచలేదు.

"ఔను" అనే ఒక్క మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ గోడకు ఆనుకొని కూర్చున్న దృశ్యము కళ్ల ముందు మెదిలింది. "రేపు చెబుతాను బాబూ" అని లేచి వచ్చాను.

ఆ రాత్రి ఆ కాగితాలను నేనే చదివాను. నా భార్య పక్కన కూర్చుని నోటు పుస్తకములో వ్రాసింది. కానుకలుగా వచ్చినది ఒక పక్క. గుడి కరెంటు బిల్లు, మైకు మరమ్మతు, ప్రేమవిందు బియ్యము, బీదలకిచ్చినది ఇంకొక పక్క. తెల్లవారుజామున రెండు వరుసలూ కూడితే 11,400 రూపాయలకు లెక్క దొరకలేదు. ఎవరి దగ్గరా దొంగిలించలేదు. అయితే ఒకే సంచిలో రెండు ఇళ్ల గింజలు పోసి, ఆకలైనప్పుడు చేతికందినవి తిన్నాను. నా బండి పెట్రోలు, పిల్లల రీచార్జి, ఒక పండుగ బట్టలు అందులో కలిసిపోయాయి.

నా భార్య చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఏమండీ, బ్యాంకు అబ్బాయి అడగకపోతే మనం ఎప్పటికైనా చూసేవాళ్లమా?" అంది. ఆ మాట నన్ను గుచ్చింది. యెరూషలేములోని బీదల కొరకు వసూలైన చందాను పౌలు ఒంటరిగా మోయలేదనీ, నింద రాకుండా ఇతర సహోదరులను కూడా ఏర్పాటు చేశాడనీ కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మీద ఎన్నిసార్లు బోధించానో!

మరునాడు ఆఫీసరుతో, "అది నా ఆదాయము కాదు" అన్నాను. ఋణము 3 లక్షల నుండి లక్షా ఇరవై అయిదు వేలకు తగ్గింది.

చదువరులారా, అప్పిచ్చేవాడు మన ఖర్చులు చూడటం తప్పా? తప్పని నేననను. 2010లో మన ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు జరిగినది గుర్తు చేసుకోండి. ఒకే ఇంటికి మూడు నాలుగు మైక్రోఫైనాన్సు సంస్థలు, ఆ ఇల్లు తీర్చగలదా అని చూడకుండా అప్పులిచ్చాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2022లో రిజర్వు బ్యాంకు, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకిచ్చే మైక్రోఫైనాన్సు అప్పుల విషయంలో, అన్ని వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయములో సగము మించరాదని నియమించింది. మోయలేని బరువు ఎత్తకుండా ఆపడము కూడా దయే.

అయితే ఈ చూపుకు అందనివారు మన మధ్య చాలామంది ఉన్నారు. నేను గద్వాలలో ఆరేళ్లు పరిచర్య చేశాను. అక్కడ మగ్గము మీద చీర నేసే సహోదరికి కూలి నగదుగానే ముట్టేది. ఆమె ఖాతా ఖాళీ, కానీ ఆమె ఎవరికీ రూపాయి ఎగ్గొట్టినది కాదు. సీడ్ పత్తి వేసే రైతుకు ఆర్గనైజరు అడ్వాన్సు ఇస్తాడు. విత్తనము పరీక్షలో నెగ్గిన తరువాతే మిగతా డబ్బు వస్తుంది. అతని ఖాతాలో నెలల తరబడి ఏమీ ఉండదు, ఒక్కసారి పెద్ద మొత్తము కనబడుతుంది. అతణ్ణి నెల జీతగాడి కొలతతో కొలిస్తే న్యాయము కాదు. పొదుపు సంఘము అక్కలైతే ఆ ఇంటి మంచిచెడ్డలు ఎరిగి అప్పిస్తారు. యంత్రానికి అలాంటి ఎరుక లేదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఒకసారి తీసి చూడండి. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు పొరుగువాని ఇంట్లోకి జొరబడకూడదు, బయట నిలవాలి, అప్పు తీసుకున్నవాడే దానిని బయటికి తెచ్చివ్వాలి. తిరుగటి రాయిని తాకట్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే అది ఆ ఇంటి కూడు. అప్పు అడగడము వేరు, ఆ ఇంటి గౌరవము తీయడము వేరు అని దేవుడు అప్పుడే గీత గీశాడు. 2020లో ఫోనులోని అప్పుల యాప్‌లు ఆ గీత దాటి, అప్పు తీసుకున్నవారి చుట్టాలకు, స్నేహితులకు ఫోన్లు చేసి అవమానించాయి. మన తెలంగాణలోనే కొందరు యువకులు ప్రాణాలు తీసుకున్నారు. 2022 నుండి ఉన్న నియమాల ప్రకారము అప్పుల యాప్‌లు మన ఫోనులోని నంబర్లను, ఫొటోలను తడమరాదు. కాబట్టి అనుమతి అడిగినప్పుడు చదవకుండా వేలు నొక్కకండి. ఎవరడుగుతున్నారో, దేనికో, ఎన్నాళ్లకో చూసుకోండి.

ఆ వచ్చే ఆదివారము ఆరాధన ముగిశాక సంఘము ఎదుట నిలబడి 11,400 సంగతి చెప్పాను. నా భార్య తన చీటీ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. గుడిలో కొంతసేపు నిశ్శబ్దము. ఒక పెద్దాయన నేల చూపులు చూశాడు. చివరికి వెనుక వరుసలో కూర్చున్న ఒక అవ్వ లేచి, "అయ్యగారూ, మేము దేవునికి ఏసినం. నువ్వు లెక్క జెప్పినవు, మంచిగ జేసినవు. ఇగ ముందల మా ముంగట్నే లెక్కపెట్టుండ్రి" అంది.

ఇప్పుడు సంఘము పేర ఖాతా ఉంది. ఇద్దరు సంతకము చేస్తేనే డబ్బు కదులుతుంది. కానుక పంపే క్యూఆర్ కోడు గుడి తలుపు దగ్గర అంటించాము. నెల మొదటి ఆదివారము కోశాధికారి జమాఖర్చులు చదువుతాడు.

అమ్మ మిద్దె మొత్తము లేవలేదు. కూలిన మూల గోడ కట్టించి, ఒక గదికి రేకులు వేయించాను. మొన్న వాన పడ్డ రాత్రి ఫోను చేస్తే, "రేకుల మీద సప్పుడు బాగుంది బిడ్డా, నిద్ర పట్టింది" అంది.

మీ ఇంట్లో కూడా ఈ నెలలో ఒక సాయంత్రము, భార్యాభర్తలు కలిసి కూర్చుని మీ ఖాతా కాగితము చదవండి. బ్యాంకువారు అడగకముందే చదవండి. లెక్క దొరకని చోట ఆగండి. అక్కడ నుండి ప్రార్థన మొదలుపెట్టండి.